మాస్టారింట్లో అరటిపండు బ్రెడ్డు

బందరు,
జూలై 2, బుధవారం.

చిరంజీవి శోభనాద్రికి,

నీ నెత్తిమీద చెయ్యిపెట్టి దీవించినట్టే అనుకుని ఈ ఉత్తరం చదువుకో.

ఇక్కడ మేమంతా క్షేమం అని రాయడం అలవాటు. ఈసారి పూర్తిగా క్షేమం అనడానికి లేదు. ఇంట్లో అమ్మాయికి కొన్ని నెలలుగా ఒంట్లో సరిగా ఉండటం లేదు. విజయవాడలో పెద్ద డాక్టరుకి చూపించాం. గోధుమ అన్నది ఇక జన్మలో ముట్టుకోవద్దన్నాడు. అందుకని నేనే స్వయంగా ఇంట్లో అరటిపండు బ్రెడ్డు చేద్దామని నిర్ణయించుకున్నాను. అందులో గ్లూటెన్ ఉండకూడదు, పంచదార కూడా ఉండకూడదు. తియ్యదనమంతా పండులోంచే రావాలి.

నీ తోటలో చక్కెరకేళి గెల దిగినప్పుడు ఒక మూడు డజన్లు బస్సులో పంపించు. బాగా మగ్గి, తొక్క నల్లబడిపోయినవి కావాలి. మళ్ళీ చెబుతున్నాను, నల్లబడిపోయినవి. గ్లూటెన్ విషయంలో మాత్రం ఏమాత్రం అజాగ్రత్త పనికిరాదు, అమ్మాయి ప్రాణం మీదికి వస్తుంది.

ఫోను చేస్తే పోయేదిగా అంటావేమో. నా చెవి మిషను ఫోను దగ్గరికి రాగానే ఈల వేస్తుంది. ఆ ఈలకి వీధిలో కుక్కలు జవాబు చెబుతున్నాయి. ఉత్తరమే మర్యాద.

నీ మేలు కోరే
రామచంద్రమూర్తి.

తా.క.: వంటింట్లోకి నేను అడుగుపెట్టడం ఇదే మొదలు. మా ఆవిడ, అదే మీ అమ్మగారు బాలాత్రిపురసుందరి గుమ్మంలో కుర్చీ వేసుకుని కూర్చుంది. సాయానికి కాదు, చూడటానికి.


అరటితోట, దివిసీమ,
జూలై 6, ఆదివారం.

మాస్టారి పాదాలకు శోభనాద్రి దణ్ణాలు పెట్టి రాసుకుంటున్నాను.

మీ ఉత్తరం చూసిన దగ్గర్నుంచి ఇంట్లో పొయ్యి సరిగా వెలగలేదండి. బ్రెడ్డు అన్న మాట దగ్గరే మా ఆవిడ సుబ్బరత్నమ్మ కూలబడిపోయింది. మా వైపు బ్రెడ్డు కొన్నారంటే ఎవరో మంచంలో ఉన్నట్టే కదండీ. జ్వరానికి ఒక ప్యాకెట్టు, టైఫాయిడ్‌కి రెండు. అలాంటిది మీరు ఇంట్లోనే తయారుచెయ్యడం మొదలుపెట్టారంటే జబ్బు ఎంత పెద్దదై ఉండాలి! ఏ ఆసుపత్రిలో చేర్చారో రాయలేదు. అడగడానికి మాకు నోరు రావడంలేదు.

గ్లూటెన్ గురించి మీరు నిశ్చింతగా ఉండండి. అవనిగడ్డలో పురుగుమందుల కొట్టు హరిబాబుని పిలిపించి అడిగాను. డబ్బాలన్నీ తిరగేసి చూశాడు. ఆ పేరుతో ఇంతవరకు మందు రాలేదన్నాడు. వచ్చినా మా తోటలో కొట్టనివ్వను. ఈ తోటలో పదేళ్ళుగా గ్లూటెన్ కొట్టలేదని నేనూ, హరిబాబూ సంతకాలు పెట్టి, పాలేరు పోలయ్య చేత వేలిముద్ర వేయించి కాగితం జతచేస్తున్నాను. డాక్టరుగారికి చూపించండి.

పళ్ళు పంపిస్తున్నాను. నల్లబడినవి అడిగారు. మాస్టారూ, నాకు అక్షరం ముక్క పెట్టిన చేతిలో నల్లటి పళ్ళు పెడితే నాకు తిండి సయిస్తుందా? ఇబ్బంది పెట్టకూడదని అలా అడిగి ఉంటారు. గెలలన్నిట్లోకీ మొదటి గెల, నవనవలాడే పచ్చి కాయలు పంపిస్తున్నాను. మచ్చ ఒక్కటి కనబడితే నన్ను బెంచీ ఎక్కించండి.

మీ ఆజ్ఞ కోసం కాచుకునే
శోభనాద్రి.

తా.క.: రోజుకి రెండుసార్లు బార్లీ నీళ్ళు పట్టమని సుబ్బరత్నమ్మ మరీ మరీ చెబుతోంది. బార్లీ పొట్లం కూడా బుట్టలో అడుగున ఉంది.


బందరు,
జూలై 14, సోమవారం.
(ఒకటో కార్డు)

చిరంజీవి శోభనాద్రికి ఆశీస్సులు.

ఇంట్లో కవరు లేదు, రెండు కార్డులున్నాయి. విషయం పెద్దది కాబట్టి రెండిట్లోనూ రాస్తాను, వరసగా చదువు.

గ్లూటెన్ పురుగుమందు కాదు నాయనా. గోధుమపిండి ముద్దని నీళ్ళలో పిసికి పిసికి కడిగితే పిండంతా పాలలా కారిపోయి చివరికి చేతిలో చిన్న జిగురుముద్ద మిగులుతుంది. లాగితే రబ్బరులా సాగుతుంది. అదే గ్లూటెన్. బ్రెడ్డు పొంగేటప్పుడు లోపల పుట్టే గాలిని బుడగలుగా పట్టి ఆపేది అదే. ముప్ఫై ఆరేళ్ళు సైన్సు చెప్పాను గాని, అది నా చేతిలో సాగుతుంటే చూసింది ఈ వారమే. స్నానం మర్చిపోయి చూశాను. బార్లీలోనూ అలాంటిదే ఉందట, నీ పొట్లం పక్కింటికి పంపేశాను.

జబ్బు మా మనవరాలు ఉమాశ్రీకి. మంచంలో లేదు, బడికి వెళ్తోంది. దాని పేగులకి గోధుమ పడదు, అంతే. కానీ క్లాసులో ఎవరి పుట్టినరోజుకైనా కేకుముక్క చేతిలో పెడితే థాంక్యూ చెప్పి, పక్కపిల్లకి ఇచ్చేసి, కుళాయి దగ్గరికెళ్ళి వేళ్ళు కడుక్కుని వస్తుందట. టీచరు చెప్పింది, అది చెప్పలేదు. ఈ పంతొమ్మిదిన దానికి తొమ్మిదేళ్ళు నిండుతాయి. "తాతయ్యా, నేను కోసి, నేను కూడా తినే కేకు ఉంటుందా?" అంది. ఉంటుందన్నాను. అనేశాక భయం పట్టుకుంది. నీ పచ్చి కాయల్ని బియ్యం డబ్బాలో మగ్గబెట్టి బియ్యప్పిండితో మొదలుపెట్టాను. ఇక రెండో కార్డు చూడు.


(రెండో కార్డు)

నిన్న ఆదివారం ఉదయం పదింటికి లోపల పెట్టాం. గంటన్నర పట్టింది. అంతసేపూ ఇంటిల్లిపాదీ ఊపిరి బిగబట్టి నిలబడ్డాం. బయటికి తీసినప్పుడు పైకి బాగానే కనబడింది. కత్తి పెట్టి చూస్తే లోపలంతా పచ్చిపుండులా ఉంది. చూస్తుండగానే మధ్యలో కుంగిపోయింది. మా అబ్బాయి సుధన్వ నోరెత్తలేదు. ఉమాశ్రీ నా పంచె పట్టుకుని "పోయిందా తాతయ్యా?" అంది. పోయిందమ్మా అన్నాను. ఇంకేం చెప్పను?

ఎవరి తప్పూ కాదు. లోపల పట్టు లేదు. పట్టు లేనప్పుడు ఎంత జాగ్రత్తగా చూసుకున్నా నిలబడదు. నిన్న ఇంట్లో ఎవరూ సరిగా భోజనం చెయ్యలేదు. మిగిలినదాన్ని మధ్యాహ్నం గేదెకి పెట్టాం.

గురువారం ఉదయం మళ్ళీ ఒక ప్రయత్నం. అదీ కాకపోతే నావల్ల కాలేదని ఒప్పుకుంటాను.

రామచంద్రమూర్తి.

తా.క.: గేదె కూడా ముందు వాసన చూసి కాసేపు ఆలోచించింది.


అరటితోట, దివిసీమ,
జూలై 16, బుధవారం సాయంత్రం.

మాస్టారికి, హడావిడిగా శోభనాద్రి రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే మన్నించండి.

మీ కార్డు ఇందాకే అందింది. రెండోది అని రాసి ఉంది. ఒకటోది ఇంకా రాలేదు. రాకపోయినా ఏం జరిగిందో అర్థమైందండి. పోస్టుమాను చదివి వినిపించలేక మధ్యలో ఆపేసి, కార్డు నా చేతిలో పెట్టి సైకిలెక్కేశాడు.

ఎవరికి ఆపరేషను చేశారో మీరు పేరు రాయలేదు. రాయడానికి చెయ్యి రాలేదనుకుంటాను. నేనూ, హరిబాబూ కూర్చుని ఆలోచించాం. సుధన్వ బాబు నోరెత్తలేదు కాబట్టి బాబు బయట ఉన్నాడు. పాప మిమ్మల్ని అడిగింది కాబట్టి పాప కాదు. అమ్మగారేమో అన్న భయంతో ఫోను చేశాను. అమ్మగారే ఎత్తారు. ప్రాణం లేచి వచ్చింది. "మాస్టారు ఎలా ఉన్నారండీ?" అన్నాను. "ఎలా ఉంటారు నాయనా! పోయింది, పోయింది అనుకుంటూ వంటింట్లో తల పట్టుకు కూర్చున్నారు. రేపు కూడా కుంగిపోతే ఆయన్ని నేను పట్టలేను" అన్నారు. ఇంకేం అడుగుతాం? ఫోను పెట్టేశాను. ఇక మిగిలింది ఒక్కరే. కోడలుగారు నాగశ్రీగారు. గుడ్లవల్లేరు కాలేజీలో పిల్లలకి పాఠాలు చెప్పే బంగారుతల్లి. మీ ఉత్తరంలో "ఇంట్లో అమ్మాయి" అన్నది ఆవిడ గురించేనని అప్పుడు తెలిసింది.

గేదెకి పెట్టాం అన్న మాట మాత్రం అర్థం కాలేదు. దుఃఖంలో ఏదో రాసేశారనుకున్నాం.

రేపు గురువారం రెండో ఆపరేషను వేళకి మేం అక్కడ ఉంటాం. వ్యాను మాట్లాడాను. పదకొండుమందిమి. రక్తం కావాలంటే ఇవ్వడానికి నలుగురు కుర్రాళ్ళున్నారు. పలకరింపుకి వస్తున్నామో, పరామర్శకి వస్తున్నామో తెలియని పరిస్థితి. అందుకని రెండిటికీ పనికొచ్చేలా తెల్లచీర కాకుండా లేతరంగు చీర కట్టుకోమని సుబ్బరత్నమ్మకి చెప్పాను.

ధైర్యంగా ఉండండి. మాకు ధైర్యం చెప్పింది మీరు.

శోభనాద్రి.

తా.క.: మీరు చేసిన బ్రెడ్డు చాలదేమోనని ఊళ్ళో కొట్లన్నీ తిరిగి పధ్నాలుగు ప్యాకెట్లు సేకరించాం. అన్నీ తాజావి. అచ్చమైన గోధుమవి.


బందరు,
జూలై 20, ఆదివారం.

చిరంజీవి శోభనాద్రికి,

ఆశీస్సులు. నువ్వు బుధవారం రాసిన ఉత్తరం నిన్న అందింది. అంటే మీరు పదకొండుమందీ వచ్చి, తిని, వెళ్ళిపోయిన రెండు రోజులకి, మీరు వస్తున్నారని నాకు తెలిసింది. అది చదివాక గాని గురువారం మా వాకిట్లో ఏం జరిగిందో నాకు బోధపడలేదు. నువ్వు చూడని భాగం కూడా ఉంది కాబట్టి మొదటినుంచీ రాస్తాను.

నేను వంటింట్లో పిండి కలుపుతున్నాను. వీధిలో వ్యాను ఆగింది. మగాళ్ళంతా తలలు దించుకుని దిగారు. ఆ రోజు కాలేజీకి సెలవు పెట్టి ఇంట్లో ఉన్న నాగశ్రీ వెళ్ళి తలుపు తీసింది. మీ సుబ్బరత్నమ్మ ఒక్క కేక వేసింది. ఆ కేక నా చెవి మిషను లేకుండానే నాకు వినబడింది.

"లేచి తిరుగుతున్నావా తల్లీ! ఎవరు లేపారమ్మా నిన్ను?" అని కావలించుకుని ఏడ్చింది.

మా కోడలు కంగారుపడి, "పాలబ్బాయి లేపాడండీ. రోజూ అతనే లేపుతాడు. ఇంతకీ మీరెవరు?" అంది.

ఇంతలో నేను మోచేతుల దాకా పిండితో, నెత్తిమీద అరటిపండు గుజ్జుతో బయటికొచ్చాను. నన్ను చూసి నువ్వు చేతులు జోడించి నిలబడిపోయావు. అంత విషాదంగా నన్నెవరూ చూడలేదు. నా రిటైర్మెంటు సభలో కూడా.

ఒకటో కార్డులోని సంగతి నోటితో చెప్పేసరికి అరగంట పట్టింది. మీ వాళ్ళంతా అరుగుమీద కూర్చుని నవ్వడం మొదలుపెట్టారు. సుబ్బరత్నమ్మ మాత్రం నవ్వలేదు. కళ్ళు తుడుచుకుని, కాళ్ళూ చేతులూ కడుక్కుని, "పిండి ఏదండీ?" అంటూ తిన్నగా వంటింట్లోకి వెళ్ళింది. వేలితో పిండి తీసి చూసింది. వేలి మీద నుంచి జారిపోయింది.

"ఇందులో పట్టు ఏదండీ మాస్టారూ? మినప్పప్పు లేదా ఇంట్లో?"

"బ్రెడ్డులో మినప్పప్పు ఏమిటమ్మా?" అన్నాను.

"దిబ్బరొట్టి పొంగట్లేదండీ? ఇడ్లీ పొంగట్లేదా? గారె పొంగట్లేదా? వాటిల్లో ఎక్కడుందండీ గోధుమ?"

శోభనాద్రీ, నేను ఆ గోడకి ఆనుకుని నిలబడిపోయాను. నా డెబ్భై అయిదేళ్ళలో ఎన్ని వేల ఇడ్లీలు తిని ఉంటాను! ప్రతి ఇడ్లీ నా కళ్ళముందే పొంగింది. లోపల గాలిని ఎవరు పట్టి ఆపుతున్నారని ఒక్కనాడు అడగలేదు. మినప్పప్పులోనూ జిగురుంది. గోధుమది కాదు, మరో జాతి జిగురు. మన ఆడవాళ్ళ చేతులకి అది ఎప్పట్నుంచో తెలుసు. నా సైన్సు పుస్తకానికి తెలియలేదు.

బాలాత్రిపురసుందరి ఈ మాట మొదటిరోజే చెప్పిందట. నేను వినలేదట. ఈ రెండు 'అట'లూ ఆవిడవే.

మర్నాటి ఇడ్లీకని రుబ్బిన మినప్పిండి గిన్నెలో ఉంది. సుబ్బరత్నమ్మ దాన్ని చేత్తో గిలక్కొట్టి గిలక్కొట్టి, చెంబుడు నీళ్ళలో ఒక చుక్క వేసింది. చుక్క మునగలేదు. తెల్లగా, చిన్న మబ్బుముక్కలా నీళ్ళమీద తేలింది. అప్పటికి నవ్వులాపి లోపలికొచ్చిన మీ వాళ్ళు కూడా ఆ చెంబు చుట్టూ మూగారు. నేను వరసగా అందరికీ చూపించాను. నాకు మళ్ళీ ఉద్యోగం వచ్చినట్టనిపించింది.

తరువాత అందులోనే నల్లగా మగ్గిన నీ పళ్ళ గుజ్జు, బియ్యప్పిండి, కాస్త జొన్నపిండి, కాసిని నువ్వులనూనె, పుల్లపెరుగు, చిటికెడు వంటసోడా వేసి కలిపింది. బెల్లం కూడా అక్కర్లేదంది, పళ్ళే చాలునంది. మందపాటి గిన్నెలో అరటాకు పరిచి పోసింది. పొయ్యిమీద సన్నని సెగ పెట్టి, పైన పళ్ళెంలో పోలయ్య తెచ్చిన కొబ్బరిచిప్పల నిప్పులు పోసింది. ఇక చూడు. ఉమాశ్రీ బడికి పోగా పదిహేనుమందిమి, ఒక గిన్నె. ముందు అరటాకు కమిలిన వాసన వచ్చింది. తరువాత పండు వాసన. తరువాత ఇదివరకు మా ఇంట్లో ఎప్పుడూ లేని వాసన ఒకటి వచ్చింది. సుధన్వ ఆఫీసుకి వెళ్ళడం మానేసి నేలమీద కూర్చున్నాడు.

మూత తీసేసరికి అది గిన్నె అంచుదాటి పైకి లేచి ఉంది. నేను కుంగుతుందని చూస్తున్నాను. కుంగలేదు. వేలితో నొక్కితే వేలు తీసేలోగా మళ్ళీ లేచింది. కోస్తే లోపలంతా సన్నసన్నని గూళ్ళు. ఆ గూళ్ళలో ఉన్నది గాలేనని నాకు తెలుసు. అయినా చాలాసేపు చూశాను.

నిన్న పుట్టినరోజు. సుబ్బరత్నమ్మ చెప్పినట్టే మళ్ళీ చేశాం. క్లాసు పిల్లలు ఇరవైరెండుమంది వచ్చారు. ఉమాశ్రీ కోసింది. ఒక్కొక్కళ్ళ చేతిలో ముక్క పెట్టింది. చివర్న తన ముక్క తీసుకుని మా వైపు చూసింది. ఆ చూపులో అనుమానం ఉంది. నేను తలూపాను. కొరికింది. కళ్ళు మూసుకుని నమిలింది. నాగశ్రీ గబగబా పెరట్లోకి వెళ్ళిపోయింది. ఒక పిల్లాడు రెండోముక్క కోసం చెయ్యి చాపి, "మీ ఇంట్లో రోజూ ఇదేనా?" అన్నాడు. "మా ఇంట్లోనే దొరుకుతుంది" అంది మా ఉమాశ్రీ. ఏడాదిగా దాని గొంతులో అంత గర్వం వినలేదు.

సుబ్బరత్నమ్మకి నా నమస్కారం చెప్పు. ఆశీర్వాదం కాదు, నమస్కారం.

రామచంద్రమూర్తి.

తా.క.: మీ పధ్నాలుగు ప్యాకెట్ల గోధుమ బ్రెడ్డూ ఆ పిల్ల తిరిగే ఇంట్లో ఉంచడం ఇష్టంలేక మీ వ్యానులోనే తిరిగి పెట్టించాను. పాడుచేయడం నాకిష్టం ఉండదని నీకు తెలుసు. వాటిని ఏం చేశావో రాయి.


విజయవాడ,
ఆగస్టు 14, గురువారం.

మాస్టారి పాదాలకు శోభనాద్రి దణ్ణాలు.

ఏం చేశావో రాయమన్నారు. తిన్నానండి.

సుబ్బరత్నమ్మ మీ ఇంటినుంచి రాగానే బంటుమిల్లిలో వాళ్ళ చెల్లెలింటికి వెళ్ళింది. ఇంట్లో నేనూ, పధ్నాలుగు ప్యాకెట్లూ మిగిలాం. వ్యానులో పెట్టిస్తూ మీరు పాడుచేయొద్దన్నారు. ఊళ్ళో పంచుదామని వెళితే, "ఎవరికి బాగోలేదు బావా?" అని ప్రతి ఇంట్లో కూర్చోబెట్టి అడుగుతున్నారు. అందుకని పొద్దున పాలతో, మధ్యాహ్నం కూరతో, సాయంత్రం ఉత్తినే తిన్నాను. ఐదోరోజుకి పోలయ్య నన్ను తోటలోంచి మోసుకొచ్చాడు.

అవనిగడ్డలో ఆసుపత్రిలో చేర్చారు. సెలైను ఎక్కించారు. తేలిగ్గా అరుగుతుందని పాలూ, బ్రెడ్డూ పెట్టారు. చూడటానికి వచ్చినవాళ్ళు తలా ఒక ప్యాకెట్టు తెచ్చారు. నేను అవీ తిన్నాను. మర్నాటికి ఇంకా నీరసించిపోయాను. చిన్నవయసు డాక్టరమ్మ వచ్చి, "ఈ మధ్య ఏమైనా కొత్తగా తిన్నారా?" అంది. కాస్త నవ్విద్దామని మీ ఇంట్లో జరిగిన కథంతా చెప్పాను. పాలబ్బాయి లేపాడన్న చోట నర్సులు పడీపడీ నవ్వారు. డాక్టరమ్మ నవ్వలేదు. "ఆ పాపకి ఏమిటన్నారు? మళ్ళీ చెప్పండి" అంది. అక్కడికక్కడే బ్రెడ్డు తీయించేసి రక్తం తీసుకుంది. తరువాత విజయవాడ పంపించారు. గొట్టం వేసి చూశారు.

మాస్టారూ, మీ మనవరాలికి ఉన్నదే నాకూ ఉందండి. ఇప్పుడొచ్చింది కాదట. చాలా ఏళ్ళుగా ఉండి ఉంటుందన్నారు.

డాక్టరుగారు నా చిన్నతనం అడిగారు. మన బడిలో మధ్యాహ్నం గోధుమరవ్వ ఉప్మా పెట్టేవారు, గుర్తుందా అండి? మాకు ఇంట్లో ఎలాగూ బియ్యమే. గోధుమ అన్నది నా కడుపులో పడేది బడిలోనే. ఉప్మా తిన్నాక చివరి పీరియడుకల్లా కడుపులో మెలి తిరిగేది. ఆ పీరియడు మీది. నేను వెనకనుంచి గోడ దూకి కాలవగట్టున ముడుచుకుని పడుకునేవాణ్ణి. మర్నాడు మీరు అడిగితే "కడుపునొప్పండి" అనేవాణ్ణి. "నీ కడుపుకి సైన్సు పీరియడు ఎలా తెలుస్తుందిరా?" అని మీరనేవారు. క్లాసంతా నవ్వేది.

మీరన్నది తప్పని రాయడంలేదండి. నాకే తెలియనిది మీకెలా తెలుస్తుంది? నాదీ సాకేననుకున్నాను. పెళ్ళిళ్ళలో పూరీలు తిన్న మర్నాడు లేవలేకపోతే, పని ఎగ్గొట్టడానికి పడుకున్నాడనేవారు. నేనూ అదే అనుకునేవాణ్ణి. నేను బద్ధకస్తుణ్ణి, నా పుట్టుకే అంత అని యాభై ఏళ్ళు నమ్మి బతికాను. కాదని మొన్న కాగితం మీద రాసిచ్చారండి. ఆ కాగితం మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. రోజుకి నాలుగుసార్లు తీసి చూసుకుంటున్నాను. ఇంగ్లీషులో ఉంది, నాకు చదవడం రాదు. అయినా చూసుకుంటున్నాను.

మీరు ఆ పాప కోసం అంత పట్టుబట్టి ఉండకపోతే, నేను ఆ కార్డు తప్పుగా అర్థం చేసుకుని వ్యాను కట్టించి ఉండకపోతే, డాక్టరమ్మకి చెప్పడానికి నాదగ్గర ఆ కథ ఉండేది కాదు. దీన్ని ఏమనాలో నాకు తెలియడం లేదండి. చేతులు మాత్రం వాటంతటవే జోడించుకుంటున్నాయి.

నిన్న సుబ్బరత్నమ్మ ఇక్కడ మా మేనకోడలు శ్రీజ ఇంట్లో ఆ అరటిపండు బ్రెడ్డు చేసి తెచ్చింది. ఆసుపత్రి వరండాలో కూర్చుని రెండు ముక్కలు తిన్నాను. తిన్నాక అలవాటు కొద్దీ నొప్పి కోసం ఎదురుచూశాను. ఒంటిగంటయింది. రెండయింది. మూడయింది. సుబ్బరత్నమ్మ నా ముఖంలోకే చూస్తోంది. "ఏంటి, ఎలా ఉంది?" అంది. "ఏమీ లేదే" అన్నాను. "ఏమీ లేకపోవడమేంటి?" అంది. "కడుపులో ఏమీ లేదే. నిశ్శబ్దంగా ఉంది" అన్నాను. అలా చెబుతుంటే ఎందుకో ఏడుపొచ్చింది. అందరికీ తిన్నాక ఇలాగే ఉంటుందా మాస్టారూ? రోజూ ఇలాగేనా?

మీ
శోభనాద్రి.

తా.క.: సుబ్బరత్నమ్మ అమ్మగారికి ఫోనులో చెప్పేసినట్టుంది, ఇందాక ఉమాశ్రీ పాప ఫోను చేసింది. ఏవి తినొచ్చో, ఏవి తినకూడదో, పెళ్ళిళ్ళలో వడ్డించేవాళ్ళని ఏమని అడగాలో, ఎవరైనా ఎగతాళి చేస్తే ఏం చెప్పాలో అంతా పావుగంట పాఠం చెప్పింది. తరువాత, "తాతగారూ, మొదట్లో కష్టంగా ఉంటుంది. మీకు ఏడుపొస్తే నాకు ఫోను చెయ్యండి" అంది. అంతసేపూ నేను మంచం దిగి, చేతులు కట్టుకుని నిలబడే విన్నానండి.